ఒక ప్రయాణం, మూడు టికెట్లు: హైదరాబాద్ రవాణాకు ఉమ్మడి జమాఖర్చు ఎందుకు కావాలి

సభకు నమస్కారం.

1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఒక రోడ్డు రవాణా విభాగాన్ని ఆరంభించింది. ఈనాటి ఆర్టీసీల చరిత్ర అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ బస్సులను నడిపింది రైల్వే అన్న సంగతిని ఒకసారి గమనించండి. రైలు ఏ ఊళ్ళో ఏ వేళకు ఆగుతుందో తెలిసిన కార్యాలయమే బస్సు ఎటు పోవాలో కూడా నిర్ణయించేది. ప్రైవేటు మోటారు బస్సులు రైలు ఆదాయానికి గండి కొట్టకుండా చూసుకోవాలన్న స్వార్థం అందులో ఉండి ఉండవచ్చు. ఏ ఉద్దేశంతో చేసినా రైలుకూ బస్సుకూ యజమాని ఒక్కరే అయ్యారు, రెండింటి రాబడీ ఒకే ఖజానాకు చేరింది.

ఈనాటి హైదరాబాద్‌లో ఆ యాజమాన్యం మూడు ముక్కలైంది. సిటీ బస్సు రాష్ట్ర ప్రభుత్వ ఆర్టీసీది. 2003 ఆగస్టులో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. అనే లోకల్ రైలుకు రాష్ట్రమూ రైల్వే శాఖా కలిసి డబ్బు పెట్టినా, దాన్ని నడిపేదీ టైం టేబుల్ వేసేదీ దక్షిణ మధ్య రైల్వే. 2017 నవంబరు 28న ప్రారంభమై, 2020 ఫిబ్రవరి నాటికి మూడు కారిడార్లలో సుమారు 69 కిలోమీటర్లకు, 57 స్టేషన్లకు పెరిగిన మెట్రో రైలును ఎల్ అండ్ టీ సంస్థ 35 ఏళ్ళ ఒప్పందం మీద కట్టి నడుపుతూ వచ్చింది. ఛార్జీల సంగతీ ఇంతే. ఆర్టీసీ పెంచాలంటే రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి, ఎం.ఎం.టి.ఎస్. ఛార్జీ రైల్వే బోర్డు చేతిలో ఉంటుంది, మెట్రో ఛార్జీని 2002 నాటి కేంద్ర చట్టం కింద ఏర్పడే కమిటీ సవరిస్తుంది. వీటి మధ్య ప్రయాణికుడు నడిచే ఫుట్‌పాత్ నగరపాలక సంస్థది, అతను దిగిన చోట ఆటోలు ఎక్కడ ఆగాలో చెప్పేది ట్రాఫిక్ పోలీసులు. ఎవరికి వారు తమ పని తాము చేస్తున్నారనే అనుకుందాం. ప్రయాణికుడు ఒక వాహనం దిగి మరొకటి ఎక్కే ఆ పది నిమిషాలు ఎవరి బాధ్యత అని అడిగితే మాత్రం జవాబుదారీ ఎవరూ దొరకరు.

ఉదాహరణకు హైటెక్ సిటీ అనే పేరుతో మన నగరంలో రెండు స్టేషన్లున్నాయి, ఒకటి ఎం.ఎం.టి.ఎస్.ది, రెండోది మెట్రోది. పటం చూసిన కొత్తవారు ఒకటి దిగి రెండోది ఎక్కవచ్చని సహజంగానే అనుకుంటారు. తీరా దిగి చూస్తే రెండింటి మధ్య హాయిగా నడిచిపోయే దూరం కాదు, ఆటో మాట్లాడుకోవలసిందే. అదే బేగంపేట, ఖైరతాబాద్, భరత్‌నగర్, మలక్‌పేట లాంటి చోట్ల రైలు స్టేషనూ మెట్రో స్టేషనూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. అక్కడ దూరం సమస్య లేదు, మెట్లు, గేట్లు, కౌంటర్లు, వేళలు కలవకపోవడమే సమస్య. ఎం.ఎం.టి.ఎస్. దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లు నడిచే పట్టాల మీదే నడవాలి గనుక అది ఎప్పుడొస్తుందో తెలియదు. మెట్రో కొన్ని నిమిషాలకొకటి చొప్పున వస్తూనే ఉంటుంది. వేళ చెప్పలేని రైలును నమ్ముకుని, వేళ తప్పని రైలును వదులుకోవడానికి ఎవరూ సిద్ధపడరు.

అయితే నా ఉద్దేశంలో మెట్లూ గేట్లూ చిన్న సంగతులు. అసలు ముడి ఛార్జీలో ఉంది.

ప్రతి వాహనానికీ ఒక కనీస ఛార్జీ ఉంటుంది. మెట్రోలో రెండు కిలోమీటర్లు పోయినా 2025 సవరణ తరువాత 11 రూపాయలు పెట్టాలి, ఎం.ఎం.టి.ఎస్.లో కనీసం 5 రూపాయలు, ఆర్టీసీలో మొదటి స్టేజీ ఛార్జీ వేరే. కిలోమీటరు లెక్కన చూస్తే ఏ ప్రయాణంలోనైనా అన్నిటికంటే ఖరీదైనది ఆ మొదటి భాగమే. ఒకే బండిలో ఇరవై కిలోమీటర్లు పోయేవారు దాన్ని ఒకసారి చెల్లిస్తారు. కాలనీ నుంచి బస్సులో స్టేషనుకు వచ్చి, రైలెక్కి, మళ్ళీ మెట్రో పట్టుకుని ఆఫీసుకు చేరేవారు అదే ఇరవై కిలోమీటర్లకు దాన్ని మూడుసార్లు చెల్లిస్తారు. అంటే నగరం తనకు నచ్చిన పద్ధతిలో, రోడ్డు మీద భారం తగ్గించే పద్ధతిలో ప్రయాణించినవారి మీదే మనం జరిమానా వేస్తున్నాం. ఆ జరిమానా కట్టడం ఇష్టంలేనివారు ఏం చేస్తారో మనకందరికీ తెలుసు, వాయిదాల మీద ఒక స్కూటీ కొనుక్కుంటారు.

ఉమ్మడి టికెట్టు మనకు తెలియనిదేమీ కాదు. ఎం.ఎం.టి.ఎస్. వచ్చిన తొలి రోజుల్లోనే బస్సుకూ రైలుకూ కలిపి నెలవారీ కాంబి టికెట్టు ఇచ్చారు. మెట్రో వచ్చాక ఆ ఆలోచన ముందుకు సాగవలసింది పోయి మూడు సంస్థల మధ్య చిక్కుకుపోయింది. ఏ వాహనంలోనైనా గీసుకోవచ్చన్న నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు 2019 మార్చి నుంచి దేశంలో ఉంది. సాంకేతికంగా ఏ అడ్డూ లేదు. వంద రూపాయలు వసూలైతే అందులో ఎవరి వాటా ఎంత, తగ్గించిన ఛార్జీ వల్ల వచ్చే లోటు ఎవరు పూడ్చాలి అన్న రెండు ప్రశ్నలకు జవాబు లేనంతకాలం కార్డు ఎంత తెలివైనదైనా అది మూడు పర్సులను ఒక సంచిలో వేసినట్టే ఉంటుంది.

ఇక్కడ మహాలక్ష్మి పథకం గురించి చెప్పక తప్పదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేదు. కండక్టరు ఆధార్ కార్డు చూసి, టిమ్ మిషన్ మీద జీరో టికెట్టు కొట్టి ఇస్తారు, దాని విలువను ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి. ఈ పథకాన్ని తప్పుపట్టేవారిలో నేను లేను. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, నర్సులు, దుకాణాల్లో నిలబడి పనిచేసే అమ్మాయిలు నెలకు మిగుల్చుకున్న మొత్తం వారి సంపాదనలో తక్కువ భాగమేమీ కాదు. రవాణా ప్రణాళిక వైపు నుంచి చూసినప్పుడు మాత్రం ఇందులో ఒక లోపం కనిపిస్తుంది. రాయితీని మనిషికి కాకుండా వాహనానికి కట్టాం. బస్సు ఎక్కితే సున్నా, మెట్రో ఎక్కితే పూర్తి ఛార్జీ. దాంతో మెట్రో పిల్లర్ల కింద నడిచే బస్సులో కాలు పెట్టే చోటుండదు, పైన రైలులో ఆ రాయితీ లేని కారణంగా ఆ బస్సులోని మహిళ అది ఎక్కదు. గంటన్నర ప్రయాణాన్ని నలభై నిమిషాలకు తగ్గించుకునే అవకాశం ఆమె తల మీదుగా పోతూ ఉంటుంది. ప్రభుత్వం ఎలాగూ ఆమె ప్రయాణానికి డబ్బు కడుతోంది, అదే డబ్బులో కొంత భాగాన్ని ఆమె బస్సు దిగి మెట్రో ఎక్కినప్పుడు కూడా వర్తింపజేస్తే ఖజానాకు అదనపు భారం మీరు అనుకున్నంత ఉండదని నా అంచనా. పైగా ప్రతి జీరో టికెట్టు మీదా ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ నమోదవుతాయి. ఏ కాలనీ నుంచి ఎంతమంది మహిళలు ఎక్కడికి పోతున్నారో ఇంత వివరంగా చెప్పే సమాచారం ఏ సర్వే సంస్థా మనకు తెచ్చివ్వలేదు. ఆ సమాచారం ప్రస్తుతం బిల్లుల లెక్కకు పనికివస్తోంది, రూట్లు వేసేవారి బల్ల మీదికి చేరాలి.

రూట్ల సంగతి వచ్చింది కనుక డిపోలో ఏం జరుగుతుందో చెబుతాను. ఆర్టీసీలో డిపో మేనేజరు పనితీరును కొలిచే గీటురాళ్ళలో ఈపీకే ఒకటి, అంటే కిలోమీటరుకు వచ్చిన రాబడి. రెండోది ఓఆర్, అంటే సీట్లు ఏ మేరకు నిండాయన్నది. ఇప్పుడు ఒక మెట్రో స్టేషను నుంచి మూడు కిలోమీటర్ల లోపలి కాలనీలకు ఒక చిన్న బస్సు వేయమని ఆయన్ని అడిగామనుకోండి. ఆ బస్సులో ప్రతి టికెట్టూ మొదటి, రెండో స్టేజీ టికెట్టే, పొద్దున ఒకవైపు నిండుగా, రెండోవైపు ఖాళీగా తిరుగుతుంది. దాని ఈపీకే పడిపోతుంది. నెల తిరిగేసరికి సమీక్షా సమావేశంలో ఆయనే జవాబు చెప్పుకోవాలి. ఆ బస్సు తెచ్చి దించిన ప్రయాణికులు మెట్రోలో కట్టిన ఛార్జీ ఆయన లెక్కలోకి రాదు, మరో సంస్థ ఖాతాకు పోతుంది. కాబట్టి ఆయన ఆ షెడ్యూలును తీసి, ఎప్పుడూ నిండే మెయిన్ రోడ్డు రూటులో, అంటే మెట్రో కిందే, వేస్తారు. ఆయన స్థానంలో మీరున్నా నేనున్నా అదే చేస్తాం. ఫీడర్ బస్సులు వచ్చినట్టే వచ్చి మాయమవడానికి ఎవరి అలసత్వమో కారణమని పత్రికలు రాస్తుంటాయి, కారణం మాత్రం డిపో రాబడి లెక్కలు రాసే ఆ రిజిస్టరులో ఉంది.

ఈ రిజిస్టరును మార్చి చూపిన నగరం సియోల్. దక్షిణ కొరియా రాజధానిలో 2004కు ముందు సిటీ బస్సులు ప్రైవేటు కంపెనీలవి. రూటు కంపెనీ సొత్తు, టికెట్టు డబ్బు కంపెనీ రాబడి. లాభం వచ్చే రోడ్ల మీద బస్సులు ఒకదాని వెనుక ఒకటి పోటీపడేవి, లోపలి వీధుల్లో బస్సు కనపడేది కాదు. ఆ ఏడాది జులై 1న, తరువాత కాలంలో దేశాధ్యక్షుడైన లీ మ్యుంగ్ బాక్ మేయరుగా ఉండగా, నగర ప్రభుత్వం ఒకే రోజున మొత్తం మార్చేసింది. బస్సులూ డ్రైవర్లూ కంపెనీల దగ్గరే ఉండనిచ్చి, రూట్లు గీసే అధికారాన్నీ టికెట్టు రాబడినీ తన చేతిలోకి తీసుకుంది. వచ్చిన డబ్బంతా ఒక ఉమ్మడి ఖాతాలో పడుతుంది, కంపెనీకి ఎంతమంది ఎక్కారన్న దానితో నిమిత్తం లేకుండా ఎన్ని కిలోమీటర్లు నడిపిందన్న లెక్కన చెల్లింపు జరుగుతుంది. నిండని వీధిలో బస్సు నడిపినా కంపెనీకి నష్టం లేదు. బస్సులకు రంగులు కేటాయించారు: ప్రధాన రోడ్ల మీద దూరం పోయేవి నీలం, స్టేషన్లకు తెచ్చి దించేవి ఆకుపచ్చ, శివారు పట్టణాల నుంచి వచ్చేవి ఎరుపు, నగరం నడిబొడ్డున చుట్టూ తిరిగేవి పసుపు. ముఖ్యమైన రోడ్లలో నడిమధ్యన బస్సులకే వరసలు కేటాయించారు.

ఛార్జీ విషయంలో వారు చేసినది మనం శ్రద్ధగా చూడాలి. బస్సు, సబ్‌వే ఎన్ని మారినా మొత్తం దూరానికే ఛార్జీ. అప్పటి లెక్కలో మొదటి పది కిలోమీటర్లకు 800 వన్‌లు (వన్ కొరియా నాణెం), ఆపై ప్రతి అయిదు కిలోమీటర్లకు 100 వన్‌లు. ఎక్కేటప్పుడే కాకుండా దిగేటప్పుడు కూడా టీ-మనీ కార్డు గీయాలి, గీసిన అరగంట లోపు మరో వాహనం ఎక్కితే కొత్తగా కనీస ఛార్జీ పడదు. మొదటి రోజు మాత్రం గందరగోళమే. కార్డు యంత్రాలు మొరాయించాయి, కొత్త నంబర్లతో జనం తికమకపడ్డారు, మేయరు బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. అయినా వెనక్కి పోలేదు. 2007లో చుట్టూ ఉన్న గ్యొంగీ రాష్ట్రపు బస్సులు, 2009లో ఇంచియోన్ నగరం కూడా అదే ఛార్జీలోకి వచ్చి చేరాయి. జాతీయ రైల్వే సంస్థ కొరెయిల్ నడిపే శివారు రైళ్ళు కూడా ఆ చట్రంలోనే ఉన్నాయి. దాని నష్టాన్ని ఎవరెంత భరించాలన్న పేచీలు నడిచాయి, కానీ ఆ పేచీ ప్రభుత్వాల మధ్య నడిచింది, ప్రయాణికుడి జేబులోకి రాలేదు. ఎం.ఎం.టి.ఎస్. కేంద్రానిది కనుక ఏమీ చేయలేమనేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలనుకుంటాను.

సియోల్‌ను స్వర్గంగా చూపడం నా ఉద్దేశం కాదు. బస్సు కంపెనీలకు నగరం చెల్లించే లోటు ఏటేటా పెరిగింది, కంపెనీలు ఖర్చు తగ్గించుకోవలసిన అవసరం లేకుండా పోయిందన్న విమర్శ అక్కడ బలంగానే ఉంది. కిలోమీటరు లెక్కన చెల్లించే పద్ధతిలో ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. సమయపాలన, శుభ్రత, బ్రేక్‌డౌన్ల లెక్కతో కోతలూ బహుమతులూ పెట్టి దాన్ని కొంతవరకు అదుపు చేయవచ్చు. పూర్తిగా పోగొట్టడం మాత్రం కష్టం.

మన దగ్గర సంస్థ లేదా అంటే, ఉంది. పది లక్షలు దాటిన నగరాలన్నిటికీ ఉమ్మడి రవాణా అథారిటీ ఉండాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. హైదరాబాద్ ఆ దిశగా మొదట్లోనే కదిలిన నగరాల్లో ఒకటి, 2008 నాటి హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చట్టంలోనే దానికి చోటిచ్చారు, మనం యుమ్టా అని పిలుచుకునేది దాన్నే. 2017 మెట్రో విధానంలో కేంద్రం మరో అడుగు వేసి, ఇలాంటి అథారిటీ పెడతామని హామీ ఇస్తేనే మెట్రోకు సాయం చేస్తామని, ప్రతి స్టేషను చుట్టూ అయిదు కిలోమీటర్ల మేర ఫీడర్ సేవల ప్రణాళిక చూపాలని షరతు పెట్టింది. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? కానీ ఆ అథారిటీకి సొంత నిధి లేదు, ఛార్జీ నిర్ణయించే అధికారం లేదు, ఏ శాఖ మాట వినకపోతే ఆ శాఖ డబ్బు ఆపగలిగే శక్తి లేదు. పెత్తనం లేని పెద్దరికం అది. సమావేశానికి పిలిస్తే అందరూ వస్తారు, టీ తాగుతారు, సమన్వయం అవసరమని అంగీకరిస్తారు, ఎవరి ఆఫీసుకు వారు పోతారు.

చెన్నై అనుభవం కూడా దాదాపు ఇదే. అక్కడ 2010లోనే చట్టం చేశారు, అథారిటీ నిజంగా కదలడానికి దశాబ్దం పైనే పట్టింది. 2025 సెప్టెంబరులో వారు తెచ్చిన చెన్నై వన్ యాప్‌లో బస్సు, మెట్రో, సబర్బన్ రైలు మూడింటికీ ఒకే క్యూఆర్ కోడ్ మీద టికెట్టు తీసుకోవచ్చు. మెచ్చుకోవలసిన పనే, కౌంటరు దగ్గర నిలబడే బాధ తప్పింది. ఛార్జీలు మాత్రం దేనికది లెక్కగట్టి కూడినవే. అంటే ప్రయాణికుడి శ్రమ తగ్గించారు, జరిమానా అలాగే ఉంది.

ఈ మాటలు ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, ఒక పెద్ద సాకు తొలగిపోయే సమయం వచ్చింది. మెట్రో మొదటి దశను ఎల్ అండ్ టీ నుంచి తీసుకోవడానికి 2025 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించింది, సుమారు 13,000 కోట్ల అప్పును తన మీద వేసుకుని, ఈక్విటీకి మరో 2,000 కోట్లు చెల్లించే ఏర్పాటు అది. 76.4 కిలోమీటర్ల రెండో దశ కేంద్ర రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టుగా ప్రతిపాదనలో ఉంది గనుక రెండు దశలూ ఒకే వ్యవస్థగా నడవాలన్నది ఈ నిర్ణయం వెనుక ఉన్న కారణాల్లో ఒకటి. ఇంతకాలం మెట్రో ఒక ప్రైవేటు సంస్థది, ఒప్పందంలో లేనిది ఎలా అడుగుతాం అనేవారు. ఆ వాదనలో న్యాయం ఉంది, ప్రయాణికులు తగ్గితే నష్టం వారిదే అయినప్పుడు తమ రాబడిని బస్సుతో పంచుకోమని ఏ కంపెనీని అడగగలం? ఇకపై బస్సుకూ మెట్రోకూ యజమాని ఒకే రాష్ట్ర ప్రభుత్వం. ఒక జేబులో తగ్గింది రెండో జేబులో కనపడుతుంది.

అందుకని నా ప్రతిపాదన ఒక క్రమంలో ఉంది. ముందు యాప్ తయారుచేయకండి. ముందు ఆర్టీసీ గ్రేటర్ హైదరాబాద్ రాబడినీ మెట్రో రాబడినీ ఒక ఉమ్మడి ఖాతాలో వేయండి, రెండు సంస్థలకూ నడిపిన కిలోమీటర్ల మీద, వేళ పాటించిన తీరు మీద చెల్లించండి, ఆ ఖాతా తాళం యుమ్టాకు చట్టం ద్వారా ఇవ్వండి. అది జరిగిన నాడు ఫీడర్ బస్సు వేయమని డిపో మేనేజరును ఎవరూ బతిమాలనక్కరలేదు, మెట్రో కింద పోయే బస్సుల్లో కొన్నిటిని ఆయనే కాలనీలకు మళ్ళిస్తారు. ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. మెట్రోకు సమాంతరంగా నడిచే బస్సులన్నిటినీ ఒక్క సంతకంతో రద్దు చేయాలనే ఉత్సాహం కొందరు అధికారుల్లో చూశాను. మెట్రో స్టేషన్ల మధ్య కిలోమీటరు దూరం ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మకు తన వీధి మొగలో ఆగే బస్సే దిక్కు. ఉమ్మడి ఛార్జీ రాకముందు బస్సు తీసేస్తే దాన్ని సంస్కరణ అనరు, ఛార్జీ పెంపు అంటారు.

ఉద్యోగుల భయాన్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు. 2019 అక్టోబరు, నవంబరు నెలల్లో జరిగిన సుదీర్ఘ సమ్మె ఆర్టీసీ కుటుంబాల మనసుల్లోంచి ఇంకా చెరిగిపోలేదు. రూట్లు మారుస్తామంటే డిపోలు మూస్తారా, షెడ్యూళ్ళు తగ్గిస్తారా అని వారు అడగడం సహజం. సియోల్‌లో డ్రైవర్ల జీతాలు, పని గంటలు ఉమ్మడి ఖాతా నుంచే హామీ పొందాయి గనుక వారి సహకారం దొరికింది. ఇక్కడా అలాంటి హామీ రాతపూర్వకంగా ఉండాలి, అదీ మార్పుకు ముందే.

ఎం.ఎం.టి.ఎస్.ను ఆఖరుకు ఉంచాను, అది అన్నిటికంటే కఠినం కాబట్టి. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్, ఉందానగర్ వరకు, 2024 మార్చిలో మౌలాలి–సనత్‌నగర్ మార్గంలో రైళ్ళు వచ్చాయి. పట్టాలు పెరిగాయి, వాటి మీద బండ్లు అంతగా పెరగలేదు. రైల్వేకు నగర ప్రయాణికుడు ప్రధానం కాదు, కానవసరమూ లేదు. రాష్ట్రం తనకు కావలసిన సేవను కొనుక్కోవాలి: పొద్దున, సాయంత్రం రద్దీ వేళల్లో ఇరవై నిమిషాలకొక రైలు, ప్రతి గంటా అవే నిమిషాలకు, దానికి ఇంత ధర, వేళ తప్పితే ఇంత కోత అని ఒప్పందం రాసుకోవాలి. మొదటి, రెండో దశలకు పెట్టుబడి పంచుకున్న రాష్ట్రం నడిపే ఖర్చులో వాటా ఇచ్చి మాట చెల్లించుకోవడంలో వింతేమీ లేదు.

ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన మిత్రులు ఈ సభలో ఉన్నారు. విశాఖపట్నం, విజయవాడ మెట్రోలు ఇంకా ప్రతిపాదనల దశలోనే ఉన్నాయి. 2020 జనవరి నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు, 2025 ఆగస్టు 15 నుంచి అక్కడా మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. హైదరాబాద్ పదిహేనేళ్ళ ఆలస్యంగా, అప్పు నెత్తిన పెట్టుకుని చేయబోతున్న పనిని మీరు పునాది తవ్వకముందే చేయవచ్చు. మెట్రో ఒప్పందం ముసాయిదాలోనే ఉమ్మడి ఛార్జీ, ఉమ్మడి ఖాతా నిబంధనలుగా ఉండాలి. నిర్మాణ సంస్థకు టికెట్టు రాబడి మీద హక్కు ఇవ్వకుండా నడిపినందుకు రుసుము మాత్రమే ఇవ్వాలి. ఆ రెండు నిబంధనలు లేని ముసాయిదా మీ ముందుకు వస్తే అభ్యంతరం తెలిపే గడువు ఉంటుంది, దాన్ని వదులుకోకండి.

హైదరాబాద్ మిత్రులకు నేను చెప్పేది ఇంకా సూటిగా ఉంటుంది. వచ్చే రాష్ట్ర బడ్జెట్ పుస్తకంలో మెట్రో అప్పుకు ఒక పద్దు తప్పకుండా ఉంటుంది, మహాలక్ష్మికి ఒక పద్దు ఉంటుంది. బస్సు నుంచి మెట్రోకు, మెట్రో నుంచి బస్సుకు మారేవారి ఛార్జీ తగ్గింపును భర్తీ చేసే పద్దు ఉందో లేదో చూడండి. లేకపోతే మీ శాసనసభ్యుడిని ఆ ఒక్క ప్రశ్న అడగండి.

ఇక మీ ప్రశ్నలు వింటాను.